ల్యాబు పరీక్షలో బిగుసుకుపోయిన సర్వరు: పరిమితి ఎవరి పేరు మీద పెట్టాలి?

విజయనగరం జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. నేను అక్కడ ఉద్యోగిని కాను. జిల్లాలో నాలుగైదు చోట్ల లినక్స్ సర్వర్లు చూసిపెడుతుంటాను, అందులో ఇదొకటి. కాలేజీని గానీ మనుషుల్ని గానీ పోల్చుకునే వీలున్న వివరాలన్నీ మార్చేశాను. అదుపు తప్పిన ప్రాసెస్‌ల (సర్వర్లో నడుస్తున్న ప్రోగ్రాముల) గురించి నాకు పుస్తకంలో తెలిసింది ఒకటి, ఇక్కడ అర్థమైంది ఇంకొకటి. అందుకే రాసిపెడుతున్నాను.

నేపథ్యం

కంప్యూటర్ సైన్స్ విభాగానికి ఒకే సర్వరు. ఎనిమిది కోర్లు, 16 జీబీ ర్యామ్, ఉబుంటు 22.04. ల్యాబులో అరవై పైచిలుకు పాత పీసీలున్నాయి. వాటిలోంచి పిల్లలు పుట్టీ అనే రిమోట్ లాగిన్ ప్రోగ్రాముతో సర్వర్లోకి వచ్చి సీ ప్రోగ్రాములు, జావా రాసుకుంటారు. అదే సర్వర్లో విభాగం హాజరు లెక్కల అప్లికేషన్, దాని వెనక మైఎస్‌క్యూఎల్ డేటాబేసు నడుస్తాయి. రెండూ ఒకేచోట ఉండకూడదని నేను మొదట్లోనే అన్నాను. రెండో మిషన్‌కు డబ్బు లేదన్నారు. అదీ నిజమే.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి: పిల్లలందరికీ లాగిన్ ఒక్కటే. ఒకే యూజరు, ఒకే పాస్‌వర్డు, లోపల రోల్ నంబరు పేరుతో ఎవరి ఫోల్డరు వాళ్ళది. ఏటా కొత్త బ్యాచికి అకౌంట్లు తెరిచి, పాతవి మూసే తలనొప్పి ఎందుకని ఎప్పుడో ఎవరో పెట్టిన ఏర్పాటు. నాలుగేళ్ళుగా సాగిపోతోంది. నేనూ చూసీ చూడనట్టు వదిలేశాను.

సమస్య

ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబు ఇంటర్నల్ పరీక్ష రోజు, పేపరిచ్చిన అరగంటకి అన్ని టెర్మినళ్ళూ ఒకేసారి ఆగిపోయాయి. ల్యాబు అటెండరు సర్వరు పవర్ బటన్ గట్టిగా నొక్కిపట్టి ఆపి మళ్ళీ వేశాడు. సేవ్ చేసుకోని వాళ్ళ ప్రోగ్రాములు పోయాయి. పరీక్ష ఇంకోరోజు పెట్టారు. ఆ రోజూ ఇదే వరస.

నన్ను పిలవకముందు మూడు పనులు చేశారు. మా వైపు కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి ముందు యూపీఎస్ బ్యాటరీలు మార్చారు. తర్వాత ర్యామ్ చాలట్లేదని ఎనిమిది జీబీని పదహారు చేశారు. మూడోసారి ఆగినప్పుడు ఒక కుర్రాడి తెరమీద ఒకే లైను గుట్టలుగా పడుతూ కనిపించింది. వాడేదో హ్యాకింగ్ చేశాడని ల్యాబులోంచి పంపేసి, నాన్నగారిని తీసుకురమ్మన్నారు. ఆ నాన్నగారు వచ్చి, మావాడేం చేశాడో రాతపూర్వకంగా ఇవ్వండని అడిగారట. అది రాయడానికి ఎవరి దగ్గరా సమాధానం లేకపోయేసరికి నాకు ఫోనొచ్చింది.

ఏం చూశాను

నేను వెళ్ళేసరికి సర్వరు మామూలుగానే నడుస్తోంది. అటెండరు చెప్పింది ఇంతే: "ఒక్కటీ కదల్నేదు బాబూ. మౌసు తిరుగుతంది గానీ అచ్చరం పడదు." నాకు అది చాలు. పీసీలు బాగున్నాయి, నెట్‌వర్కూ తెగలేదు, అవతల సర్వరుకే జవాబిచ్చే తీరిక లేదన్నమాట.

సర్వరు తన సంగతులు రాసుకునే జర్నల్ తీసి పరీక్ష సమయం దగ్గర చూస్తే రెండు రకాల వరసలున్నాయి. మొదటిది, విద్యార్థుల యూజర్ స్లైస్‌లో పిడ్స్ కంట్రోలర్ ఫోర్క్‌ను నిరాకరించిందని కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) రాసుకున్న మాట. స్లైస్ అంటే ఒక యూజరు ప్రాసెస్‌లన్నీ ఉండే గుంపు, పిడ్స్ కంట్రోలర్ ఆ గుంపులో ఎన్ని ఉండొచ్చో కాపలా కాసేది, ఫోర్క్ అంటే ఒక ప్రాసెస్ తన నకలుగా ఇంకోదాన్ని పుట్టించడం. ఆ తర్వాత కాసేపటికి, మెమరీ అయిపోయి మైఎస్‌క్యూఎల్‌ను చంపేశానన్న మాట. వరస ముఖ్యం. ముందు ప్రాసెస్‌లు పుట్టలా పెరిగాయి, దాంతో మెమరీ అయిపోయింది, చివరికి ఏ పాపం ఎరగని డేటాబేసు బలైంది. కెర్నెల్‌లో మెమరీ అయిపోయినప్పుడు పనిచేసే ఓఓఎమ్ కిల్లర్ ఒక్కో ప్రాసెస్‌నూ విడిగా తూచి, ఎక్కువ తింటున్నదాన్ని ఎంచుతుంది. ఇక్కడ వేలకొద్దీ ప్రాసెస్‌లు తలా పిడికెడు తిన్నాయి. తూకానికి లావుగా కనిపించింది డేటాబేసే.

ఇక ఆ కుర్రాడి ఫైలు. ఎక్సర్‌సైజు ప్రతి కాలేజీలోనూ ఉండేదే: చిన్న షెల్ (కమాండ్లు తీసుకుని నడిపే ప్రోగ్రాము) రాయాలి. ఒక లైను చదవాలి, ఫోర్క్ చేయాలి, పిల్ల ప్రాసెస్‌లో ఎగ్జిక్‌విపితో ఆ కమాండును నడపాలి, తల్లి వెయిట్ చేయాలి. వాడి ప్రోగ్రాములో మూడు చిన్న తప్పులున్నాయి. ఎగ్జిక్‌విపి విఫలమైతే కమాండ్ దొరకలేదని అచ్చు వేశాడు గానీ ఎగ్జిట్ పెట్టలేదు, కాబట్టి ఆ పిల్ల ప్రాసెస్ చచ్చిపోకుండా మళ్ళీ లూపు పైకెళ్ళి తనూ ఒక షెల్ అయి కూర్చుంది. వెయిట్‌ను లూపుకి బయట రాశాడు. లైను చదివే ఫ్‌గెట్స్ ఏమిచ్చిందో చూసుకోలేదు, అంటే ఇన్‌పుట్ అయిపోయినా బఫర్లో మిగిలిన పాత కమాండునే కొత్తదనుకుంటుంది.

విభాగాధిపతి మేడమ్ అడిగిన ప్రశ్న సరైనది: "ఇదే ప్రోగ్రాము నెలరోజులు ప్రాక్టీసు చేశారండీ, అప్పుడెప్పుడూ ఆగలేదే?"

ప్రాక్టీసులో కీబోర్డు ముందు మనిషి ఉంటాడు. తప్పు కమాండు కొడితే ఒక షెల్ అదనంగా పుడుతుంది, అంతే. అన్నీ తర్వాతి అక్షరం కోసం ఎదురుచూస్తూ నిద్రపోతాయి. ప్రాంప్టు రెండుసార్లు పడుతుంది, పిల్లలు పట్టించుకోరు. పరీక్షలో మాత్రం అందరి ప్రోగ్రాములనూ ఒకే తీరుగా పరీక్షించాలని ఇన్విజిలేటరు కమాండ్లను ఒక ఫైల్లో పెట్టి, దాన్నే ఇన్‌పుట్‌గా మళ్ళించారు. ఎర్రర్ సందేశం వస్తుందో లేదో చూద్దామని చివరి లైనులో కావాలనే లేని కమాండు పెట్టారు. ఫైలు అయిపోయింది. బఫర్లో ఆ లేని కమాండు ఉండిపోయింది. ఇక ఎదురుచూడ్డం లేదు. ప్రతి ప్రాసెస్ ఒకదాన్ని కంటుంది, ఆ పుట్టినదీ కంటుంది. ఒకటి రెండు, రెండు నాలుగు, అలా పదహారు రెట్టింపులకి 65,536.

దాన్ని ఫోర్క్ బాంబు అంటారు గానీ వాడు బాంబు పెట్టలేదు. ఎగ్జిట్ అని ఒక్క లైను మరిచిపోయాడు. రికార్డు ఒకరిది చూసి ఒకరు దింపుకోవడం మనకి కొత్త కాదు కదా, అదే తప్పు ఇంకో పద్నాలుగు ఫోల్డర్లలోనూ దొరికింది. ఆ జాబితా పేర్లు తీసేసి మేడమ్‌కి ఇచ్చాను. కుర్రాడి కాగితం సంగతి అక్కడితో తేలిపోయింది.

ర్యామ్ పెంచితే ఎందుకు తగ్గలేదో కూడా అక్కడే తెలిసింది. సర్వీసుల్నీ లాగిన్లనీ చూసుకునే సిస్టమ్‌డి ప్రతి యూజర్ స్లైస్‌కూ టాస్క్స్‌మ్యాక్స్ అనే పరిమితిని ముందే పెడుతుంది. డిఫాల్టు 33 శాతం. దేనిలో 33 శాతం? కెర్నెల్ మొత్తం ఎన్ని థ్రెడ్లు (ప్రాసెస్ లోపల విడిగా నడిచే పనులు, ప్రతి ప్రాసెస్‌లో కనీసం ఒకటి) ఒప్పుకుంటుందో అందులో. ఆ మొత్తాన్ని కెర్నెల్ ర్యామ్‌ను బట్టి లెక్కేసుకుంటుంది. పదహారు జీబీకి మా సర్వర్లో ఆ మూడో వంతు 42 వేల దగ్గర తేలింది. ఎనిమిది జీబీ ఉన్నప్పుడు దాదాపు సగం ఉండి ఉంటుంది. అంటే డబ్బుపెట్టి ర్యామ్‌తోపాటు బాంబు సైజూ రెట్టింపు చేశారు.

మొదటి ప్రయత్నం, ఎలా చెడింది

చేతికి అలవాటైన పని చేశాను. యూజర్ల పరిమితులు రాసే లిమిట్స్.కాన్ఫ్ ఫైలు తెరిచి ఆ యూజరుకి ఎన్‌ప్రాక్ (ప్రాసెస్‌ల సంఖ్య మీద హద్దు) పెట్టాను. ఎంత పెట్టాలో లెక్కేశాను కూడా. ఒక్కొక్కరికి లాగిన్ నడిపే ఎస్‌ఎస్‌హెచ్ ప్రాసెస్ ఒకటి, కమాండ్లు తీసుకునే షెల్ బ్యాష్ ఒకటి, ఎడిటర్ ఒకటి. కంపైల్ చేసేటప్పుడు జీసీసీ తన కింద ఇంకో రెండుమూడు లేపుతుంది. మనిషికి ఆరనుకుంటే అరవై ఆరు మందికి నాలుగు వందల లోపు. కొంచెం వదులుగా 600 పెట్టాను. అందరినీ బయటికొచ్చి మళ్ళీ లాగిన్ కమ్మన్నాను, ఎందుకంటే ఈ పరిమితులు లాగిన్ అయ్యేటప్పుడు అతుక్కునేవే. అప్పటికే లోపలున్న సెషన్లకి అంటవు.

వారం తర్వాత మామూలు ల్యాబులో మళ్ళీ ఒకరి ప్రోగ్రాము పేలింది. సర్వరుకి ఏమీ కాలేదు, హాజరు అప్లికేషను నడుస్తూనే ఉంది. నాకు సంబరం. పది నిమిషాలకి ఫోను. ల్యాబులో ఎవరు ఏ కమాండు కొట్టినా, వనరులు తాత్కాలికంగా లేవు, మళ్ళీ ప్రయత్నిస్తున్నానని బ్యాష్ గొణుగుతోందట. ఫైళ్ళ జాబితా చూపే ఎల్ఎస్ కూడా నడవట్లేదు. సర్వరు బతికింది, ల్యాబు చచ్చింది.

తప్పు నాదే. ఎన్‌ప్రాక్ లెక్క సెషన్‌ను బట్టి ఉండదు, ప్రాసెస్‌ను బట్టీ ఉండదు. ఆ యూజరు ఐడీ పేరు మీద సర్వరంతటా ఎన్ని ఉన్నాయో మొత్తంగా లెక్కపెడుతుంది. అరవై ఆరు మంది ఒకే రేషన్ కార్డు మీద ఉంటే, బియ్యమంతా ఒకడు పట్టుకుపోయాక మిగతావాళ్ళు డిపో ముందు సంచులు పట్టుకుని నిలబడాల్సిందే. కార్డు మీద కోటా పెంచినా అదంతా వాడే పట్టుకుపోతాడు.

అంతకన్నా విచిత్రం ఆ మధ్యాహ్నమే జరిగింది. ఉన్నట్టుండి ల్యాబులో అందరి పుట్టీ విండోలూ ఒక్కసారి మూసుకుపోయాయి. రీబూట్ కాలేదు, మెమరీ సమస్య లేదు, లాగ్‌లో ఓఓఎమ్ మాట లేదు. గంటన్నర తల పట్టుకుంటే దొరికింది. ఆ రోజు రెండో ఎక్సర్‌సైజు సిగ్నళ్ళు (ప్రాసెస్‌కి పంపే ఆజ్ఞలు): పిల్లను పుట్టించి, కాసేపాగి, కిల్‌తో చంపాలి. ఎన్‌ప్రాక్ నిండిపోయి ఉంది కాబట్టి ఫోర్క్ విఫలమై మైనస్ ఒకటి ఇచ్చింది. ఆ అమ్మాయి దాన్ని సరిచూసుకోకుండా అలాగే కిల్‌కి అందించింది. కిల్‌కి మైనస్ ఒకటి ఇస్తే, నీకు అధికారం ఉన్న ప్రతి ప్రాసెస్‌కూ ఈ సిగ్నల్ పంపు అని అర్థం. అందరూ ఒకే యూజరు. అందరి మీదా అధికారం ఉంది. తనను పిలిచిన ప్రాసెస్‌ను మాత్రం లినక్స్ వదిలేసి, మిగతా ల్యాబునంతా ఊడ్చేసింది.

నేను పెట్టిన పరిమితి వల్లే ఫోర్క్ విఫలమైంది. అది విఫలమవడం వల్లే అంతకాలం నిద్రపోతున్న తప్పు బయటికొచ్చింది. పరిమితి పెట్టడమంటే, ఎప్పుడూ విఫలం కాదనుకున్న చోట ప్రోగ్రాముల్ని విఫలం చేయడం. ఆ సంగతి నేను ఆలోచించలేదు.

మిగతా యులిమిట్ల సంగతి

ఎన్‌ప్రాక్ లాంటి హద్దులనే యులిమిట్లు అంటారు. ఈ లోపు ఇంకో రెండు పెట్టి తీసేశాను. ఒకటి సీపీయూ సమయం. లిమిట్స్.కాన్ఫ్‌లో అది నిమిషాల్లో రాయాలి, షెల్‌లో యులిమిట్‌కి సెకన్లలో ఇవ్వాలి. ఈ తేడా తెలియక దెబ్బతిన్నవాళ్ళు చాలామంది. ఒంటరి అనంత లూపుకి అది మంచి మందు. ఫోర్క్‌కి మాత్రం పనికిరాదు. పుట్టిన ప్రతి పిల్లకీ లెక్క సున్నా నుంచే మొదలవుతుంది.

రెండోది అడ్రస్ స్పేస్, అంటే ఒక ప్రాసెస్ తన పేరు మీద రాయించుకోగల మెమరీ చిరునామాల మొత్తం. ప్రాసెస్‌కి ఒక జీబీ అని పెట్టగానే జావా ల్యాబు ఆగిపోయింది. జావా వర్చువల్ మిషన్ వాడినా వాడకపోయినా అడ్రస్‌లు ముందే పెద్ద మొత్తంలో రిజర్వు చేసుకుంటుంది. హీప్‌కి (తన డేటా పెట్టుకునే మెమరీకి) చోటు దొరకలేదని మొరాయించింది. పైగా ఆ పరిమితి తలకింత. తలలు వేలల్లో పుడుతుంటే దాని వల్ల ఒరిగేది లేదు. అసలు వాడుకుంటున్న మెమరీ మీద పెట్టే ఆర్‌ఎస్‌ఎస్ పరిమితి మాన్యువల్లో ఇంకా కనిపిస్తుంది గానీ ఇప్పటి లినక్స్‌లో దానికి పనిలేదు.

పనిచేసింది

కార్డు ఉమ్మడిది అయినంతకాలం ఏ అంకె పెట్టినా తప్పే అని మేడమ్‌తో చెప్పాను. ఎవరి అకౌంటు వాళ్ళకి ఉండాలి. ఏటా చేసే పని ఎవరి నెత్తిన పడుతుందని అడిగారు. రోల్ నంబర్ల జాబితా ఇస్తే అకౌంట్లు తెరిచే స్క్రిప్టు, పాస్ అవుట్ అయినవాళ్ళవి మూసే స్క్రిప్టు రెండూ రాసిస్తానన్నాను. పైడితల్లమ్మ సిరిమాను పండగ సెలవుల్లో ల్యాబు ఖాళీ. ఊరంతా మూడు లాంతర్ల దగ్గరుంటే నేను ల్యాబులో కూర్చుని ఫోల్డర్లు కొత్త యూజర్ల కిందికి మార్చాను. ఆ మంగళవారం మధ్యాహ్నం తర్వాత బండి బయటికి తీసే పరిస్థితీ లేదు, పని సాగింది.

అకౌంట్లు విడిపోయాక ఎన్‌ప్రాక్ కూడా పనిచేసేదే. అయినా సిగ్రూప్‌లనే (ప్రాసెస్‌లను గుంపుగా కట్టి హద్దులు పెట్టే కెర్నెల్ ఏర్పాటు, స్లైస్‌లూ అవే) ఎంచుకున్నాను. ప్రాసెస్‌ల సంఖ్య, మెమరీ, సీపీయూ మూడూ ఒకే ఇంటి లెక్కన చూడగలిగేది అదొక్కటే. లాగిన్ అయిన ప్రతి యూజరుకీ సిస్టమ్‌డి ఒక స్లైస్ ఇస్తుంది. అందరి స్లైస్‌లకీ వర్తించేలా ఒకే చిన్న ఫైలు రాస్తే చాలు.

టాస్క్స్‌మ్యాక్స్ ఎంత పెట్టాలో ఈసారి ఊహించలేదు. జావా ల్యాబు నడుస్తుండగా ప్రతి స్లైస్‌లో ఆ క్షణాన ఎన్ని ఉన్నాయో చెప్పే పిడ్స్.కరెంట్‌ను సెకనుకోసారి చదివి రాసుకున్నాను. థ్రెడ్లు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. జావా ఒక్కటే పదులకొద్దీ థ్రెడ్లు లేపుతుంది. నాకు కనిపించిన గరిష్ఠం 61. దాన్ని దాదాపు రెట్టింపు చేసి 120 పెట్టాను. 42 వేలకీ 120కీ ఉన్న తేడాయే ఈ కేసంతా.

మెమరీకి మనిషికి 800 ఎంబీ. అరవై ఆరు మందికి కలిపితే యాభై జీబీ దాటుతుంది, ఉన్నది పదహారు. అందరూ ఒకేసారి అంత వాడరు. ఒకవేళ వాడితే ఏమిటి? అందుకని పైనున్న యూజర్.స్లైస్ మొత్తానికి 11 జీబీ కప్పు వేశాను. మిగిలిన ఐదూ డేటాబేసుకీ, సిస్టమ్‌కీ. స్లైస్ తన హద్దు దాటినప్పుడు ఓఓఎమ్ కిల్లర్ ఆ ఇంట్లోనే ఎవరినో ఒకరిని ఎంచుతుంది, గోడ దాటి పక్కింటి డేటాబేసు జోలికి పోదు. సీపీయూకి కోటా పెట్టలేదు. సర్వరు ఖాళీగా ఉన్నప్పుడు ఒకరే వాడుకుంటే నష్టమేముంది? పోటీ పడ్డప్పుడు ఎవరి వాటా ఎంతో తేల్చే సీపీయూవెయిట్ అందరికీ సమానంగా 100 రాశాను. అది డిఫాల్టు విలువే, కానీ ఫైల్లో రాస్తే కంట్రోలర్ తప్పకుండా పనిలోకి దిగుతుంది. నూట ఇరవై ప్రాసెస్‌లు గింగిరాలు కొట్టినా ఆ యూజరు ఒక్కడి వాటాలోనే కొట్టుకోవాలి.

ఒక పొరపాటు. ఆ ఫైలు నా లాగిన్‌కీ, సర్వాధికారాలుండే రూట్ లాగిన్‌కీ కూడా వర్తిస్తుందని రెండోరోజు గానీ తట్టలేదు. మా ఇద్దరికీ విడిగా మినహాయింపు రాశాను. ఇల్లంతా తాళాలు వేసి తాళంచెవి లోపల వదిలేసినట్టయ్యేది.

డిస్కుకి కోటా పెట్టాను, మనిషికి ఒక జీబీ. లూపులో పడి అచ్చు వేస్తూనే ఉన్న ప్రింట్‌ఎఫ్‌ను ఫైల్లోకి మళ్ళించి నిద్రపోయేవాళ్ళూ ఉంటారు.

పరీక్షించడానికి సెలవు రోజే ఆ కుర్రాడి ప్రోగ్రామునే, అదే ఇన్‌పుట్ ఫైలుతో ఒక అకౌంట్లో నడిపాను. ముందుగా నా ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మిషన్ మీద, తర్వాత సర్వర్లో. పక్క అకౌంట్లో జీసీసీ మామూలుగానే కంపైల్ చేసింది. హాజరు పేజీ తెరుచుకుంది. పేలిన అకౌంట్లో మాత్రం ఎల్ఎస్ నడవదు.

దాన్ని విడిపించడం కూడా నేర్చుకోవాల్సిన పనే. ఒక్కొక్క ప్రాసెస్‌నే చంపుకుంటూ పోతే, ఒకటి చచ్చి ఖాళీ అయిన చోట ఇంకోటి పుడుతుంది. పాత పద్ధతిలో ముందు అన్నిటికీ స్టాప్ సిగ్నల్ పంపి కదలకుండా చేసి, ఆ తర్వాత కిల్ పంపేవాళ్ళం. లినక్స్ 5.14 నుంచి ఆ అవసరం లేదు. ఆ సిగ్రూప్‌లోని సిగ్రూప్.కిల్ ఫైల్లో 1 రాస్తే ఇంట్లో ఉన్నవన్నీ ఒకేసారి పోతాయి. దాన్ని రోల్ నంబరు అడిగే చిన్న స్క్రిప్టుగా చేసి, అదొక్కటి నడిపే అధికారం అటెండరుకి ఇచ్చాను. పవర్ బటన్ మీద ఒక అట్టముక్క అంటించాం.

తర్వాత, ఇంకోసారి చేస్తే

సెమిస్టర్ చివరి పరీక్షలో మధ్యలో ఫోనొచ్చింది. గుండె ఝల్లుమంది. "ఏటీ నేదు బాబూ, ఒకమ్మాయి మిషనొకటే ఆగింది. నంబరు కొట్టీసినాను, మళ్ళీ వచ్చీసింది. నీకు చెప్పాలి కదా అని." ఆ అమ్మాయి మళ్ళీ లాగిన్ అయి, సేవ్ చేసుకున్న చోట నుంచి కొనసాగించింది. పక్క సీట్లో వాళ్ళకి ఏదో జరిగిందని కూడా తెలియదు. తర్వాత పరిమితి ఎన్నిసార్లు తగిలిందో లెక్క ఉండే పిడ్స్.ఈవెంట్స్ తీసి చూస్తే ఆ రోజు నలుగురు పరిమితి తాకారు. మిగిలిన ముగ్గురూ కంట్రోల్-సీ కొట్టుకుని వాళ్ళే బయటపడ్డారు కాబోలు. ఆ జాబితా ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వను కూడా. తప్పు చేసే చోటే కదా ల్యాబంటే.

ఇప్పుడైతే నేను ముందుగా కొలత తీస్తాను, అంకె తర్వాత పెడతాను. ఆ 600 లెక్క కాగితం మీద బాగానే ఉంది, కానీ ఒక్క జావా థ్రెడ్‌నూ అందులో కలపలేదు. హాజరు అప్లికేషన్‌నూ అప్పుడే చూసేవాణ్ణి: లిమిట్స్.కాన్ఫ్ లాగిన్ దారిలో వచ్చేవాళ్ళకే, సిస్టమ్‌డి నేరుగా నడిపే సర్వీసులు ఆ గేటు దాటి రావు. దానికి విడిగా యూనిట్ ఫైల్లో (సిస్టమ్‌డి ఆ సర్వీసును ఎలా నడపాలో రాసి ఉండే ఫైలు) మెమరీ హద్దు రాయడం నెల ఆలస్యమైంది. అదృష్టం, ఈ లోపు ఏమీ కాలేదు.

తాత్కాలిక ఫైళ్ళ డైరెక్టరీ ఇంకా అందరికీ ఉమ్మడే. మనిషికి పెట్టిన కోటా హోమ్ పార్టిషన్ మీదే కాబట్టి అక్కడ ఎవరైనా నింపేస్తే అందరికీ ఇబ్బందే. వచ్చే సెలవుల్లో దాని పని చూడాలి.

మేడమ్ ఈ ఏడాది ల్యాబు మాన్యువల్‌లో షెల్ ఎక్సర్‌సైజు పేజీ మార్చారు. ఎగ్జిక్‌విపి కింద ఎగ్జిట్ లైనును పెట్టెకట్టి వేయించారు. ఫోర్క్ మైనస్ ఒకటి ఇచ్చినప్పుడు ఏం చేస్తావన్నది వైవాలో మొదటి ప్రశ్న అయింది.